నాగబాబు వేసిన బాయ్‌కాట్

కెరటం మళ్ళీ కొట్టింది. ఎల్లాజీ పడవ ఇసుకలో పక్కకు ఒరిగింది. సాయంత్రానికి వాయుగుండం తీరం దాటుతుందని పొద్దుటినుంచి మైకులో చెబుతూనే ఉన్నారు. పడవను పైకి లాగకపోతే ముక్కలే. లాగాలంటే పదిమంది కావాలి. ఒడ్డు నిండా మగాళ్ళున్నారు. ఒక్కడూ తాడు ముట్టలేదు.

మొగుడు ఎల్లాజీతో పాటు తాడుకు వేలాడుతున్న కాసులమ్మకు అరచేతులు చీరుకుపోయాయి. ఎల్లాజీ చేసిన తప్పల్లా ఒకటే. ఊరంతా వలలూ చేపలూ ఆరబెట్టుకునే ఇసుకను హోటల్‌వాళ్ళకు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. నిన్న కులపెద్ద నాగబాబు మగాళ్ళందర్నీ కూర్చోబెట్టి, ఆ ఇంటికి సాయం పట్టబోమని ఒట్టు వేయించాడు. వెలి అంటే పోలీసు కేసవుతుందని, దానికి బాయ్‌కాట్ అని పేరు పెట్టాడు.

డిగ్రీ చదివే కాసులమ్మ కూతురు ఈశ్వరి వెళ్ళి నాగబాబు ముందు నిలబడింది.

“బాయ్‌కాట్ అన్నది ఓ మనిషి పేరు మావయ్యా. ఐర్లాండ్‌లో జమీందారు ఏజెంటు. కౌలోళ్ళని గెంటీబోతే ఊరంతా ఆడికి పని సెయ్యడం మానీసింది. కోతకి కూలోడు లేడు, సరుకిచ్చే కొట్టు లేదు. ఆడి పేరే మాటయిపోనాది. లేనోళ్ళు ఉన్నోడి మీద ఏసిందది. నువ్వేటి సేత్తన్నావ్?”

నాగబాబు పళ్ళు కుట్టుకుంటూ నవ్వాడు. “అప్పుడు ఆళ్ళది. ఇప్పుడు నాది. పో, ఆ కత మీ అయ్యకి సెప్పు.”

మగాళ్ళు పగలబడి నవ్వారు. కాసులమ్మ తాడు వదిలేసింది. కూతురి మాటల్లో ఆమె బుర్రకెక్కింది ఒక్కటే: కోతకి కూలోడు లేడు.

గాలివానకు భయపడి వేట నుంచి తిరిగొచ్చేసింది నాగబాబు పడవ. దాంట్లోంచి అప్పుడే చేపలు కుప్ప పోస్తున్నారు. ఆ రేవులో పట్టడం వరకే మగాళ్ళది. అమ్మకమంతా ఆడాళ్ళదే. మగాడు గంప ఎత్తడం నామర్దా. నిన్నటి సభకు ఆ ఆడాళ్ళను ఎవరూ పిలవలేదు. వాళ్ళు ఏ ఒట్టూ వేయలేదు.

కాసులమ్మ కుప్ప ముందు గంప బోర్లించి, దానిమీద కూర్చుంది. నాగబాబు సొంత అక్క ముసలమ్మ ఆమెను చూసి, తమ్ముడి వైపు తిరిగింది.

“ఇసక అమ్మీసి, నా సేపలు నీ నెత్తిమీద ఎండబెట్టమంతావేటిరా?”

ఆమె గంప కూడా బోర్ల పడింది. ఆ వెనకే మిగతావాళ్ళవీ.

నాగబాబు బెదిరించాడు. మొగుళ్ళచేత తిట్టించాడు. ఎవరూ లేవలేదు. ఐసు కరిగి ఇసుకలోకి ఇంకుతోంది, ఈగలు ముసురుతున్నాయి. వెనకాల ఎల్లాజీ పడవ అంచు ఫట్‌మని విరిగింది. కాసులమ్మ తల తిప్పలేదు.

“లాగండ్రా దాన్ని,” అన్నాడు నాగబాబు చివరికి, ఎవరి మొహమూ చూడకుండా.

పడవ పైకొచ్చింది. అతను చేపల వైపు చెయ్యి చూపించాడు. కాసులమ్మ కదల్లేదు.

“ఇసక మాట కూడా ఇక్కడే తేల్సీ అన్నా. ఆడాళ్ళందరం వింటన్నాం.”