కొత్తయ్య కట్టిన గొడుగుల సైటు

గొడుగులమ్మే వదినకు వెబ్‌సైటు కట్టిపెడతానని మాటిచ్చిన రోజున ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. అందుకే కొత్తయ్యకు అంత ధైర్యం.

ఆఫీసులో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఎక్కడైనా కొత్త ప్రోగ్రామింగ్ భాష పుడితే, దానికి పేరు పెట్టేలోపే ఇతను సగం నేర్చేసుకుంటాడని అందరూ కొత్తయ్య అని పిలిచేవారు. ఇక వదిన సంగతి. ఆమె దుకాణానికి ఎదురుగా ఒక పెద్ద కొట్టు వెలిసింది. ఫోన్లో వేలు ఆడిస్తే చాలు, ఆ కొట్టు గొడుగు ఇంటి గుమ్మంలో వాలుతుంది. కిందటి వానలకు వదిన సరుకు సగం కదల్లేదు. ఈ వానలకూ కదలకపోతే తలుపులు మూసుకోవడమే.

"ఏ భాషలో కడతావో నాకనవసరం మరిదీ," అంది వదిన. "బొమ్మ చూసి నొక్కితే ఆర్డరు నాకు రావాలి. వానలు పడేలోపు."

"అదెంత పని వదినా? భాష ఏదో తేల్చుకుంటే సగం అయిపోయినట్టే."

ఆ సగమే తేలలేదు. కొత్తయ్య ఏళ్ల తరబడి తిన్న తిండి పీహెచ్‌పీ అనే భాష పెట్టిందే. అయినా అది ముసలిదైపోయిందని పక్కన పెట్టాడు. పొరుగింటి పుల్లకూర రుచి మరి. పైథాన్‌లో మొదటి పేజీ చేశాడు. ఆర్డరు పేజీ మొదలుపెట్టబోతుంటే జావాస్క్రిప్ట్ భాషలో ముందే అల్లిపెట్టిన చట్రం, ఫ్రేమ్‌వర్క్ ఒకటి ఇంకా చురుకని ఎవరో అన్నారు. అందులో గొడుగు బొమ్మ ఎంత విసురుగా విచ్చుకుందంటే, ఫోన్లోంచి వచ్చిన గాలికి వదిన బల్లమీది కాయితాలు వీధిలో పడ్డాయి. తర్వాతి ఫ్రేమ్‌వర్క్ బరువుకు ఫోను పెనంలా కాలింది. వదిన దాంతో ముడతపడ్డ గొడుగు గుడ్డలు ఇస్త్రీ చేసుకుంది. ఆ తర్వాతి దాంట్లో తెరమీద చినుకులు పడుతుంటే చూసి, పక్కింటావిడ పరుగెత్తి ఆరేసిన బట్టలు తీసేసింది.

"నాకు సంబంధాలు చూసినప్పుడు కూడా ఇన్నిటిని వెనక్కి పంపలేదు కదయ్యా," అంది వదిన.

"రేపు లక్షమంది ఒక్కసారే వచ్చిపడితే తట్టుకోవాలి కదా వదినా."

"లక్షమందికి నా దగ్గర గొడుగులేవి? ముందు ఒక్కడొస్తే ఎక్కడ నొక్కాలో చెప్పు."

కొత్తయ్య తల గోక్కున్నాడు. అన్నిట్లోనూ మొదటి పేజీయే ఉంది. గుమ్మాలు వరసగా నిలబడ్డాయి, వెనకాల ఇల్లు లేదు.

అలా ఉండగా ఒక పొద్దున వదిన ఫోను చేసింది. ఫోనును కప్పు వైపు ఎత్తి పట్టుకుంది. రేకుల మీద టపటపమని చప్పుడు.

"వినపడుతోందా?"

"వినపడుతోంది వదినా."

"ఎదురు కొట్టు బండి మళ్లీ మళ్లీ నింపుకుని పోతోంది. అదీ వినపడుతోందా?"

కొత్తయ్య ఫోను పెట్టేసి, అన్నిటికంటే కొత్త ఫ్రేమ్‌వర్క్ పాఠం తెరిచాడు. అది చూసి అతని భార్య చెప్పులు వేసుకుంటూ ఆగింది.

"ఇంటి కప్పు కారుతుంటే ఈత నేర్చుకుంటారా ఎవరైనా? వచ్చిందేదో దాంతో కట్టండి."

"నలుగురూ నవ్వుతారే."

"మీ వదిన దుకాణం మూస్తే నవ్వరా?"

కొత్తయ్య ఆఫీసుకు సెలవు పెట్టి, దుకాణం వెనక గదిలో గొడుగు కర్రల మధ్య కూర్చున్నాడు. పక్కన పెట్టిన పీహెచ్‌పీనే మళ్లీ పట్టుకున్నాడు. అతని వేళ్లు ఇంటిదారి పట్టిన ఎద్దుల్లా వాటంతటవే పోయాయి. గాలి రాలేదు, ఫోను కాలలేదు. గొడుగు బొమ్మ కుదురుగా కూర్చుంది. దాని కింద నొక్కే చోటు. మధ్యాహ్నానికల్లా సైటు లేచి నిలబడింది. వదిన సైటు పేరు అట్టమీద పెద్దగా రాసి దుకాణం ముందు వేలాడదీసింది.

కాసేపటికి ఫోను టింగుమంది. మడత గొడుగు ఒకటి కావాలట.

"ఎవరికి పంపాలి?" అంది వదిన.

కొత్తయ్య తెర చూశాడు, వదినను చూశాడు, మళ్లీ తెర చూశాడు. పేరూ ఫోను నంబరూ ఉన్నాయి. అడ్రసు రాసే చోటు పెట్టడమే మరిచాడు.

"ఇన్నాళ్లూ గుమ్మాలే కట్టావు, ఇప్పుడు ఇల్లు కట్టి గుమ్మం మరిచావా?"

"ఒక్క క్షణం వదినా." పీహెచ్‌పీలో అతను వెతుక్కునేదేం లేదు. కూర్చున్నచోటే సరిచేసి, దుకాణం ముందుకొచ్చి ఆ నంబరుకు ఫోను చేశాడు. "అమ్మా, గొడుగు ఎక్కడికి పంపమంటారు?"

"ఇటు చూడండి, చెయ్యి ఊపుతున్నాను," అంది అవతలి గొంతు.

ఎదురు కొట్టు మెట్ల మీద, అక్కడ పనిచేసే అమ్మాయి. ఉన్న గొడుగులన్నీ బండి ఎక్కి ఊరిమీదికి పోయాయి. ఆమె ఇంటికెళ్లడానికి ఒక్కటీ మిగల్లేదు.

వదిన గొడుగు తీసి మరిది చేతిలో పెట్టింది. "విప్పకు. అమ్మిన సరుకు."

కొత్తయ్య దాన్ని చొక్కా లోపల దాచుకుని రోడ్డు దాటాడు. అవతలికి చేరేసరికి పిండితే బిందె నిండేలా ఉన్నాడు.

"గొడుగుల దుకాణం నుంచి వస్తూ ఇలా తడిశారేంటండీ?" అంది అమ్మాయి.

"మీది పొడిగా ఉందండీ, చూసుకోండి," అన్నాడు.

వెనక నుంచి వదిన కేక వినపడింది. ఇంకో ఆర్డరు వచ్చిందట, ఈసారి అడ్రసుతో సహా.