కొలిచినంక

ముసలి ఎలుకను తిరిగే కడ్డీ మీద పెట్టి, ఎన్ని సెకన్లకు జారిపడుతుందో రాయడం నీల పని. జగిత్యాలలో ఒక ఫార్మసీ కాలేజీ ల్యాబు. వయసు మీదపడితే కాళ్లూ చేతులూ ఎంత నెమ్మదిస్తాయో తేల్చే పరిశోధన. ఎలుక పడితే కింద మెత్త ఉంటుంది. మళ్లీ ఎక్కించే ముందు పావుగంట విశ్రాంతి ఇవ్వాలని గోడకు కాగితం కూడా అంటించారు.

ఆ అలవాటు కోరుట్ల ఇంటిదాకా వచ్చింది, ఏం చెప్పమంటారు! అత్త రాజమణి బీడీలు చుడుతుంటే నీల కొంగు కింద ఫోను పెట్టుకుని నెల రోజులు నిమిషాలు లెక్కపెట్టింది. బుద్ధి మంచిదే. బీడీలు వదులుగా ఉన్నాయని కంపెనీవాళ్లు పక్కన పారేస్తున్నారు, మొగుడు సుదర్శన్ రోజూ తల్లి మీద కస్సుమంటున్నాడు. రుజువు చూపిస్తే ఆమెను ఊరికే కూర్చోనిస్తాడనుకుంది.

ఆదివారం అన్నాల దగ్గర, అత్త ఎదుటే నీల మొగుడికి చెప్పేసింది.

"కట్టకు ఇరువై నిమిషాలు పట్టేది, ఇప్పుడు నలభై అయితున్నది. ఇగ అత్తమ్మతోని కాదు."

"నేను సెప్తనే ఉన్న గద!" అన్నాడు సుదర్శన్, పెరుగు కలుపుకుంటూ. "కంపెనీ కార్డు బంద్ కావద్దు, పీఎఫ్ పోతది. నువ్వు నౌకరి ఇడిసిపెట్టి సుట్టు. ఎలుకలను ఆడిచ్చుడు ఎవలన్నా చేస్తరు."

మంచికి పోతే చెడెదురైంది. రాజమణి చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"ఎప్పటిసంది సూస్తున్నవ్ పిల్లా?"

నీలకు తల కొట్టేసినట్టయింది.

"పెండ్లి సూపులకచ్చినప్పుడు నేను గూడ నీ మొకం సూడలే. బీడీల చేట ముంగటవెట్టి నీ వేళ్లే సూసిన," అంది అత్త. కోపంగా కాదు, తప్పు ఒప్పుకున్నట్టు.

బీడీలు చుట్టే ఇళ్లలో కోడలిని ఎంచుకునే తీరదే. సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు చూశారని ఆనాడు నీల ఎంత ఏడ్చింది! ఇవాళ తానూ చూసింది, అదీ దొంగచాటుగా. పొద్దున తాను బస్సుకు ఉరుకుతుంటే చాయ్ గ్లాసు అందించేది ఆ వేళ్లే. వాటికి పావుగంట విశ్రాంతి ఎవరిచ్చారు? ఫోను పట్టిన చెయ్యి ఒక్కనాడైనా ఒక్క బీడీ చుట్టిపెట్టిందా? ఛీ, ఏం మనిషిని నేను అనుకుంది.

"నౌకరి ఇడిసిపెట్ట," అంది మొగుడితో. "కార్డు నడవాల్నంటే చేట నువ్వే ముంగటేసుకో."

అత్త వైపు తిరిగింది కానీ తల ఎత్తలేకపోయింది.

"వేళ్లు నొస్తున్నయా అత్తమ్మా?"

రాజమణి ఎంగిలి చేతిని కొంగు కింద దాచుకుంది.

"అడిగినవ్ బిడ్డా," అంది. "కొలిచినంక అడిగినవ్."