నాకు గుర్తుంది, ఫాదర్

ఆ ఉదయం ఆకాశం కురిసేలా ఉంది గానీ కురవలేదు. తెల్లవారిన దగ్గర్నుంచీ మబ్బు ఒకేచోట నిలబడి ఉంది. గాలి లేదు. బాల్కనీ తీగ మీద పిచ్చుక గౌన్లు మూడు ఆరకుండా వేలాడుతున్నాయి. తెల్లది ఇవాళ వెయ్యాలన్నారు. దాన్ని తీసుకొచ్చి ఇస్త్రీపెట్టెతో తడి ఆరగొడుతూ నిలబడ్డాను.

పిచ్చుక నా కొడుకు కూతురు. రెండు నెలల్లో మూడేళ్ళు నిండుతాయి. ఒక్కచోట నిలవదని నేను పెట్టిన ముద్దుపేరు అది, అదే స్థిరపడిపోయింది.

"అమ్మా, తొమ్మిదిన్నరకి ఫాదర్ రమ్మన్నారు. నువ్వూ తయారవ్వు," అన్నాడు నా కొడుకు గడ్డం గీసుకుంటూ. "అక్కడ ఇది పేచీ పెడితే ఎవరెత్తుకుంటారు?"

అదీ నేను వెళ్ళాల్సిన కారణం. వచ్చే ఆదివారం పిచ్చుకకి జ్ఞానస్నానం. హాలు మాట్లాడారు. మా కోడలి అక్క పిల్ల తరఫున మాటిచ్చే జ్ఞానతల్లిగా ఉండటానికి విమానంలో వస్తోంది. అంతకుముందు తల్లిదండ్రులు గుడి ఆఫీసుకి వెళ్ళి గురువుగారి ఎదుట, అంటే ఫాదర్ ఎదుట, కూర్చోవాలి. ఆయన వివరాలన్నీ అడిగి రిజిస్టరులో రాసుకుంటారు. ఆ రిజిస్టరు తలుచుకుంటేనే వారం రోజులుగా నాకు భయం. ఎందుకంటే ఆ పిల్లకి జ్ఞానస్నానం ఎప్పుడో అయిపోయింది. రెండేళ్ళ కిందట, మా స్నానాల గదిలో, నేనే ఇచ్చాను.

మా ఆయన పేపరు కిందికి దించి నా మొహం చూశాడు. ఈ సంగతి ఇంట్లో ఆయనొక్కడికే తెలుసు.

"ఏమే, అక్కడ నోరు జారకు."

"రెండోసారి పొయ్యకూడదండీ. మన మతంలో అది ఒక్కసారే."

"పోసేది ఫాదరు. పాపమైతే ఆయనకి. నీకేం?"

"ఆయనకి తెలీదు కదా. తెలిసింది నాకు."

"చెప్పు, చెప్పు. రేపే పిల్లని తీసుకెళ్ళి క్రెష్‌లో పడేస్తారు. అప్పుడు నువ్వూ నేనూ గోడలు చూసుకుంటూ కూర్చుందాం." మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు. పిల్ల ఆయన దగ్గర ఉండేది రోజుకి పావుగంట. సాయంత్రం కిందికి తీసుకెళ్ళి ఒక చుట్టు తిప్పి తెస్తాడు. వీధిలో అందరూ, "తాతగారికి మనవరాలంటే ఎంత ప్రేమో" అంటారు. ఆ పావుగంట కోసం పిల్లకి మొహం కడిగి, జడేసి, చెప్పులు తొడిగేదాన్ని ఎవరూ చూడరు. వీధిలోకి వచ్చేది ఆయన.

కోడలు రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. ఏడింటికి వెళ్ళిపోతుంది. కొడుకు బ్యాంకులో. ఇవాళ ఇద్దరూ సెలవు పెట్టారు. పిల్లకి మూడో నెల నిండి ఆమె సెలవు అయిపోయిన రోజు ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. ఎన్నింటికి పాలు, ఎన్నింటికి నిద్ర, ఏ మందు ఎన్ని చుక్కలు. "మీకు పిల్లలంటే ప్రాణం కదత్తయ్యా," అంది కోడలు బ్యాగు భుజాన వేసుకుంటూ. అవును, ప్రాణమే. అందుకే అది పని అని చెప్పడానికి నోరు రాదు. నడుం విరిగినట్టుందంటే ప్రేమ తగ్గిందనుకుంటారేమోనని భయం. అంతకుముందు నేను జాకెట్లు కుట్టేదాన్ని. మాపటి పూజకి నడిచి వెళ్ళొచ్చేదాన్ని. రెండూ మానేశాను. కుట్టుమిషను అటక ఎక్కిన రోజు మా ఆయన, "అబ్బ, ఇల్లు విశాలమైందే," అన్నాడు. అంతకుమించి దాని గురించి ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు.

పిల్ల పుట్టినప్పుడే జ్ఞానస్నానం చేయిద్దామన్నాను. "పెద్దయ్యాక దాని ఇష్టం," అంది కోడలు. "చూద్దాంలే," అన్నాడు కొడుకు. ఇప్పుడు మిషన్ బడిలో సీటు కోసం సర్టిఫికెట్ కావాల్సి వచ్చి, చూడటం అయింది.

పిల్లకి ఎనిమిదో నెలలో ఒక మంగళవారం జ్వరంతో ఒళ్ళు కాలిపోయింది. కొడుకుకి ఫోన్ చేస్తే కట్ చేశాడు. ల్యాబులో వాళ్ళ ఫోన్లు లాకర్లో ఉంటాయి. మా ఆయన పార్కులో. తడిగుడ్డ వేస్తూ, చుక్కలు పోస్తూ, పిల్ల ఊపిరి లెక్కపెడుతూ రెండు గంటలు గడిపాను. మధ్యాహ్నానికి చెమట పట్టి జ్వరం దిగింది. నిద్రలేచి నన్ను చూసి నవ్వింది. డాక్టరు గోరువెచ్చటి నీళ్ళతో ఒళ్ళు కడగమని ఎప్పుడో చెప్పి ఉన్నాడు. నీళ్ళు కాచి, స్నానాల గదిలో పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను. మా చిన్నప్పుడు గుడిలో మతపాఠాలు చెప్పే ఉపదేశి, ప్రాణాపాయంలో జ్ఞానస్నానం ఎవరైనా ఇవ్వొచ్చని చెప్పి, బోర్లించిన చెంబు మీద మా పిల్లలందరి చేతా నీళ్ళు పోయించి నేర్పాడు. నీళ్ళు తల మీద పారాలి, పారుతుండగానే మాటలు పలకాలి, మధ్యలో ఆపకూడదు. మగ్గు ఎత్తాను. పిల్ల పేరు పలికాను, వాళ్ళు పెట్టిన పేరే. మూడుసార్లు పోశాను.

ప్రాణాపాయం అప్పటికి లేదు. అది నాకు తెలుసు. భయం దిగిపోయాక చేసిన పని అది. ఎందుకు చేశానని రెండేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. దీని ముడ్డి కడిగేది నేను, దీని జ్వరం మోసేది నేను, ఇదొక్కటీ ఎవర్నో అడగాలా అనిపించింది. ఇంట్లో నన్ను ఎవరూ ఏదీ అడగరు. అడక్కుండా చెయ్యడం నేనూ నేర్చుకున్నాను.

ఆ శనివారమే పాపసంకీర్తనంలో చెప్పుకున్నాను. అప్పటి ముసలి గురువు, "అమ్మా, నీళ్ళూ పడ్డాయి, మాటా పడింది. జరిగిపోయింది. వెళ్ళి పిల్ల తల్లిదండ్రులకి చెప్పు, రిజిస్టరులో రాయించుకో," అన్నాడు. చెబుతానన్నాను. చెప్పలేదు. ఆయన బదిలీ అయిపోయాడు. ఆ సంకీర్తనంలో విన్నది ఆయన ఎవరికీ చెప్పకూడదు కూడా.

పోయిన ఆదివారం గుడిలో అవ్వాతాతల పండుగ చేశారు. మమ్మల్నందర్నీ లేచి నిలబడమన్నారు. కుటుంబంలో విశ్వాసం అవ్వల ఒడిలోనే మొలకెత్తుతుందని ప్రసంగం చెప్పి, చప్పట్లు కొట్టించి, తలా ఒక గులాబీ ఇచ్చారు. నా కొడుకు వీడియో తీశాడు. తీసి, "అమ్మా, ఆ పువ్వు కాస్త అలా పెట్టి దీన్ని ఎత్తుకో, నేను కారు తెస్తాను," అన్నాడు.  

గుడి ఆఫీసు చిన్న గది. బల్ల, ఇనప బీరువా, మూడు కుర్చీలు. పిచ్చుక నా ఒళ్ళో కూర్చుని నా సంచీ జిప్పు లాగుతోంది. గురువుగారు కుర్రవాడు, మర్యాదస్తుడు. పేర్లు రాసుకున్నాడు, పుట్టిన తేదీ రాసుకున్నాడు.

"ఇంతకుముందు ఎక్కడైనా జ్ఞానస్నానం జరిగిందా? మామూలుగా అందర్నీ అడిగేదే."

"లేదు ఫాదర్," అన్నాడు నా కొడుకు, వాచీ చూసుకుంటూ.

కలం కాగితం మీదికి దిగింది.

"రాయకండి ఫాదర్," అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు. చెప్పాను. మంగళవారం, మగ్గు, మాటలు. చెబుతున్నంతసేపూ పిల్ల జుట్టు సవరిస్తూనే ఉన్నాను. కొడుకు ముందు నవ్వాడు. తర్వాత నవ్వలేదు. కోడలు మొహం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఆమె చేతులు మాత్రం చూశాను. రెండూ కుర్చీ అంచుని పట్టుకున్నాయి.

గురువుగారు కలం మూత పెట్టాడు. "నీళ్ళు తల మీదే పోశారా అమ్మా? మాటలు ఏమని పలికారు?"

పలికాను. ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

"అలాగైతే మళ్ళీ ఇవ్వడానికి లేదు. ఆదివారం నూనె పూయడం, తెల్లబట్ట, కొవ్వొత్తి, ఆ మిగతావన్నీ చేస్తాను. నీళ్ళు మాత్రం పొయ్యను."

"నీళ్ళు పొయ్యకపోతే ఇంకేముంది ఫాదర్! అంతమందిని పిలిచాం. జనం చూడ్డానికొచ్చేదే అది. వాళ్ళకేం చెప్పాలి, మా అమ్మ బాత్‌రూములో కానిచ్చేసిందనా?"

"సరిగ్గా జరిగిందో లేదో నిజంగా అనుమానం ఉంటే ఒక పద్ధతి ఉంది. 'ఇదివరకు పొంది ఉండకపోతే' అని షరతు పెట్టి ఇవ్వొచ్చు. కానీ అనుమానం ఉండాలి."

నా కొడుకు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"ఉంది ఫాదర్. అమ్మకి మతిమరుపు. మొన్న పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయింది, గిన్నె మాడిపోయింది." నా మోచేతి మీద చెయ్యి వేశాడు. గొంతు మెత్తబడింది. "అమ్మా, రెండేళ్ళైంది. కంగారులో ఏమన్నావో నీకు మాత్రం ఏం తెలుస్తుంది? సరిగ్గా గుర్తులేదని చెప్పు. అంతే. ఇంక ఎవరూ నిన్నేమీ అనరు."

"అనుమానం ఉండటం తప్పు కాదమ్మా," అన్నాడు గురువుగారు. ఆయన నిజంగానే అడుగుతున్నాడు.

ఒక్క మాట. గుర్తులేదు అనే ఒక్క మాట. హాలు హాలులా ఉంటుంది, విమానం వస్తుంది, పిల్ల నా ఒళ్ళో ఉంటుంది. ఆడదానికి వయసైతే మతి పోవడంలో వింతేముంది, ఎవరూ ముక్కున వేలేసుకోరు. పాలు మాడిన రోజు నాకు గుర్తుంది. పొయ్యి మీద పాలున్నాయి, పిల్ల సోఫా మీంచి పడింది. నేను పిల్ల వైపు పరిగెత్తాను. గిన్నె మాడిందని అందరికీ తెలుసు. పిల్లకి దెబ్బ తగల్లేదు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలీదు. ఈ ఇంట్లో ఏ టీకా ఎప్పుడో, ఏ మందు పడదో, కోడలికి ఏ నెలలో ఒంట్లో బావుండదో, కొడుకు ఏ మాటకి అలుగుతాడో అన్నీ నా తలలోనే ఉన్నాయి. పొద్దున్నే ఏడింటికి పిల్లని నా చేతుల్లో పెట్టేటప్పుడు నాకు మతిమరుపుందని ఎవరికీ గుర్తు రాలేదు.

"నాకు గుర్తుంది, ఫాదర్," అన్నాను. "ప్రతి మాటా గుర్తుంది. ఇంకోటి కూడా రాసుకోండి. నీళ్ళు పోసేటప్పటికి జ్వరం దిగిపోయింది. ప్రాణాపాయం లేదు. నా అంతట నేనే చేశాను."

"ఫాదర్, చెప్తున్నాను కదా, మా అమ్మకి..."

"ఆవిడకి మతిమరుపు లేదు."

కోడలు అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. మొగుడి వైపు తిరిగింది. "నేనిచ్చిన లిస్టులో ఒక మందు రెండుసార్లు రాశాను. ఆవిడ పట్టుకుంది. మీరు ఎవరి పేరు చెప్పి తప్పించుకోవాలనుకుంటున్నారో చూసుకోండి." అప్పుడు నా వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "కానీ అత్తయ్యా, నన్ను అడగలేదు మీరు. రెండేళ్ళు నా ఎదురుగా తిరిగారు. రోజూ నా చేతుల్లోంచి పిల్లని అందుకున్నారు. ఒక్కరోజు కూడా చెప్పలేదు."

"లేదమ్మా. తప్పు నాదే."

"క్షమించానని మాత్రం అనను."

"అనొద్దు."

గురువుగారు తేదీ అడిగాడు. చెప్పాను. ఆయన తల వంచుకుని రాసుకున్నాడు. ఇచ్చినవారి పేరు దగ్గర నా పేరు రాసి, రిజిస్టరు నా వైపు తిప్పి సంతకం పెట్టమన్నాడు.

కారెక్కాం. పిచ్చుక నిద్రపోయింది. సిగ్నల్ దగ్గర నా కొడుకు అద్దంలో నా వైపు చూశాడు.

"సోమవారం నుంచి క్రెష్ చూస్తున్నాను. నువ్వు ఇక విశ్రాంతి తీసుకో."

విశ్రాంతి అన్న మాటని అంత కోపంగా అనొచ్చని నాకు తెలీదు. నేను పిల్ల పాదం పట్టుకుని కూర్చున్నాను. మేజోడు జారిపోతోంది, పైకి లాగాను.

"క్రెష్ సంగతి నేను కదా చెప్పాల్సింది," అంది కోడలు కిటికీలోంచి బయటికి చూస్తూ. తర్వాత, వెనక్కి తిరక్కుండానే, "అత్తయ్యా, ఇకమీదట నా పిల్ల విషయంలో ఏం చేసినా నన్ను అడిగి చెయ్యండి," అంది.

"అడుగుతాను. మీరూ నన్ను అడగండి."

"మేమేం అడగాలి?"

"రేపు పిల్లని చూస్తారా అని. రెండున్నరేళ్ళుగా చూస్తున్నాను. ఒక్కరోజూ ఎవరూ అడగలేదు."

"అదేంటమ్మా! మన పిల్లే కదా, అడిగేదేముంది?" అన్నాడు కొడుకు. "అడిగితే వద్దనేదానివా?"

"ఏమో. ఎప్పుడూ అడగలేదు కదా. ఏమనేదాన్నో నాకూ తెలీదు."

పచ్చలైటు పడింది. వెనక కార్లు హారన్లు కొట్టేదాకా వాడు కదల్లేదు.

ఇంటికొచ్చేసరికి ఒంటిగంట. "ఏమైంది?" అన్నాడు మా ఆయన.  ఆయన మా నలుగురి మొహాలూ చూసి రెండోసారి అడగలేదు.

పొద్దున వండి వెళ్ళిందే. గిన్నెలన్నీ తెచ్చి బల్ల మధ్యలో పెట్టాను. వడ్డించలేదు. కుర్చీ లాక్కుని నేనూ కూర్చున్నాను. మా ఆయన ఖాళీ కంచం ముందు కాసేపు ఎదురుచూసి, గరిటె ఎక్కడుందా అని వెతుక్కుని, తనే వడ్డించుకున్నాడు. కొడుకు తలెత్తకుండా తింటున్నాడు. పిచ్చుక మెతుకులన్నీ బల్ల అంచున వరసగా పేరుస్తోంది, ఎవరూ వద్దనలేదు. 

కోడలు కూర గిన్నె అందుకుంది. కూతురికి వేసింది. తను వేసుకుంది. తర్వాత గరిటె నింపి నా కంచం దాకా తెచ్చి, వెయ్యకుండా, గాల్లోనే ఆపి, నా కళ్ళలోకి చూసింది. చెయ్యి అలాగే ఉంచి, నా జవాబు కోసం ఆగింది.

నేను వెంటనే తలూపలేదు.