ఇరవయ్యో బిళ్ళ

బకెట్ సగం నిండగానే ఆమె కుళాయి కట్టేసింది. నీళ్ళు పైకి వస్తున్నకొద్దీ బకెట్ చప్పుడు మారుతుంది. మొదట డబడబమని, తర్వాత సన్నగా, ఆఖరికి ఏదో గొంతులో అడ్డుపడినట్టు. ఆ ఆఖరి చప్పుడు వినలేక ఏడాదిగా ఆమె ఏ బకెట్టూ నిండా పట్టడం లేదు. అందుకని ప్రతి పనీ రెండు పనులవుతోంది. ఇప్పుడు పద్దెనిమిది జతల రబ్బరు బూట్లు కడగాలి. లోపల ఇసుక, అడుగున నాచు, నిన్న సాయంత్రం పిల్లలు విప్పి ఎక్కడివక్కడ పడేసిపోయిన వాసన.

"సగం సగం పట్టుకుంటూ పొద్దంతా ఇక్కడే గడిపేట్టున్నావే. పని పెంచుకోవడంలో నీ తర్వాతే ఎవరైనా" అన్నాడు భర్త, వసారాలో నిలబడి బూట్లు తొడుక్కుంటూ. ఆయనవి రాత్రే కడిగి పెట్టింది.

ఆమె నవ్వినట్టు మొహం పెట్టింది. భయమని చెబితే ఏం భయమని అడుగుతాడు. నీళ్ళంటే అని చెబితే, సముద్రం పక్కన కాపురం చేస్తూ నీళ్ళంటే భయమేమిటని పదిమందిలో చెప్పి నవ్విస్తాడు.

అది కాలేజీ వాళ్ళు సముద్రపు ఒడ్డున కట్టిన చిన్న స్టేషన్. రెండు గదుల ల్యాబు, ఒక హాలు, పిల్లలు పడుకోవడానికి పొడుగాటి గది, వెనక వీళ్ళ క్వార్టరు. ఏడాదికోసారి పది రోజులు విద్యార్థులు వచ్చి, పుస్తకాల్లో చదివిన ప్రాణుల్ని నీళ్ళలో వెతికి, చేత్తో పట్టి, లెక్కపెట్టి, మళ్ళీ వదిలిపెట్టి వెళ్తారు. ఆ పాఠాలకు భర్త ఇన్‌చార్జి. ఆమె ఏమిటంటే చెప్పడానికి మాట లేదు. ట్రేలు తుడిచేది, తాడుకు మీటరుకో గుర్తు కట్టేది, వంట చేసేది, బకెట్లు మోసేది ఆమే. ఆమె కూడా అదే చదువు, అదే క్లాసులో చదివింది. ఆయన రికార్డు పుస్తకంలోని పీతల బొమ్మలన్నీ ఆమె పుస్తకం చూసి వేసినవే. పెళ్ళయిన కొత్తలో తనూ ఉద్యోగానికి అప్లికేషను పెడతానంటే అత్తగారు, "ఇద్దరూ పీతల్ని చూస్తూ కూర్చుంటే పొయ్యి ఎవరు చూస్తారమ్మాయ్?" అంది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వే సమాధానమైపోయింది.

హాలు గుమ్మం పక్కన గోడకు ఒక చెక్క బోర్డు ఉంది. దానికి పంతొమ్మిది మేకులు, మేకుకో చెక్క బిళ్ళ, బిళ్ళ మీద నంబరు. భర్తది ఒకటి. మిగతావి విద్యార్థులవి. నీళ్ళు వెనక్కి తీసిన వేళ రాళ్ళ మీదికి వెళ్ళేముందు ఎవరి బిళ్ళ వాళ్ళు మెళ్ళో వేసుకోవాలి. తిరిగి రాగానే మేకుకు తగిలించాలి. ఆ ఏర్పాటంటే ఆయనకు ఎంతో గర్వం.

"బోర్డు నిండితే అందరూ వచ్చినట్టు. ఒక్క మేకు ఖాళీగా ఉన్నా ఒక్కరు కూడా ఇక్కణ్ణించి కదలడానికి లేదు. నాతో సహా. అర్థమైందా?" అన్నాడు ఆ పొద్దున పిల్లలతో.

"అర్థమైంది సార్" అన్నారంతా.

వెనక వరసలో ఉన్న కళ్ళద్దాల పిల్ల చెయ్యెత్తింది. వచ్చిన రోజు నుంచీ ఎవరితోనూ పెద్దగా మాట్లాడని పిల్ల. "ఆంటీది ఏ నంబరు సార్?"

"ఆంటీకి నంబరెందుకమ్మా? ఆంటీ ఇంటిమనిషి" అన్నాడాయన. "మనకంటే ముందే వచ్చి టీ పెట్టకపోతే మీరే వెతుక్కుంటారు కదా!"

హాలంతా నవ్వులు. రెండు చేతుల్లో బకెట్లతో ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడూ వినే మాటే. కానీ ఈసారి బకెట్ల పిడులు అరచేతుల్లో జారాయి. చెమట.

పోయినేడు ఆఖరి రోజు ఆమె ఇంకా రాళ్ళ మీదే ఉండిపోయింది. అప్పుడు కూడా బోర్డు నిండింది.

రాళ్ళ మైదానానికీ ఒడ్డుకూ మధ్య ఒక పాయ ఉంది. నీళ్ళు తీసినప్పుడు చీలమండ దాకా కూడా ఉండదు, పిల్లలు కబుర్లు చెప్పుకుంటూ దాటేస్తారు. పోటు మొదలై నీళ్ళు తిరిగొచ్చేటప్పుడు మాత్రం సముద్రం ఎదురుగా రాదు. ముందు ఆ పాయలోకి వస్తుంది, వెనక నుంచి. అలా చూస్తే ఏమీ కనబడదు. అల ఉండదు, నురగ ఉండదు. రాళ్ళ మీద ఉన్నవాళ్ళు సముద్రం ఇంకా దూరంగానే ఉందనుకుంటారు.

ఆమె ఎప్పుడూ అందరికంటే వెనకే ఉంటుంది. కారణం రాళ్ళు. పిల్లలు రాయి తిరగేసి కింద ఉన్నవి చూస్తారు. ఎర్రటి స్పాంజీ, ముత్యాల్లాంటి నత్త గుడ్లు, వేలు తగలగానే ముడుచుకుపోయే పురుగులు. చూసి, రాసుకుని, ముందుకు పోతారు. తిరగేసిన రాయిని తిరగేసినట్టే వదిలేస్తే నీడలో బతికేవన్నీ ఎండకు ఒక పూటలో చచ్చిపోతాయి. తిరిగి సరిగ్గా పెట్టండని పుస్తకం మొదటి పేజీలోనే ఉంటుంది. భర్త మొదటి రోజు చెబుతాడు కూడా. ఎవరూ పెట్టరు. ఆమె వెనకాలే వంగి ఒక్కో రాయీ తిప్పుతూ వస్తుంది. అందుకే ఆలస్యం.

ఇవాళ ఎండ తెల్లగా ఉంది. పిల్లలు చతురస్రపు చట్రాలు రాళ్ళ మీద పెట్టి, లోపల ఎన్ని నత్తలో, ఎన్ని పీతలో గట్టిగా లెక్కపెడుతున్నారు. ఒకడు నక్షత్ర చేపను అరచేతిలో పెట్టుకుని అది కదిలేసరికి కెవ్వున అరిచాడు. అందరూ వాణ్ణి ఆటపట్టించారు. ఆమె మాత్రం ప్రతి రెండు రాళ్ళకోసారి తలెత్తి పాయ వంక చూస్తోంది. ఒడ్డువైపు గోధుమరంగు బండ ఒకటి ఉంది, దాని మీద తెల్లటి పెంకుల గీత. ఆ గీత కనబడుతున్నంతసేపూ ఫరవాలేదు. వంగితే గీత కనబడదు. వంగకపోతే రాళ్ళు తిరగవు.

మూడు ఈలలు వినబడ్డాయి. తిరిగి రమ్మని.

పిల్లలు బిలబిలమంటూ ఒడ్డువైపు కదిలారు. ఆమె ఇంకో అయిదు రాళ్ళనుకుంది. అయిదూ ఎనిమిదయ్యాయి. పక్కన ఇంకో రెండు చేతులు ఒక పెద్ద రాయిని ఎత్తుతూ కనబడ్డాయి. కళ్ళద్దాల పిల్ల.

"నువ్వు వెళ్ళలేదా?"

"మీరొక్కరే చేస్తున్నారు కదా ఆంటీ. దీన్ని తిరగేసింది నేనే."

ఆ మాటకు ఆమెకు చల్లగా అనిపించింది. ఇన్నేళ్ళలో ఎవరూ అనలేదు. "సరే, ఇదొక్కటి పెట్టి వెళ్ళిపో. నీ నంబరు ఖాళీగా ఉంటే మీ సార్ ఈల ఊదుతూనే ఉంటారు" అంటూ తలెత్తింది. పిల్ల మెడ బోసిగా ఉంది.

"బిళ్ళేది?"

"మా ఫ్రెండ్ తీసుకెళ్ళింది. లేటైతే సార్ అందరి ముందూ తిడతారు కదా, నా బదులు తగిలించేస్తానంది."

ఆమె బండ వంక చూసింది. తెల్లటి గీత లేదు.

ఒడ్డున హాలు దగ్గర నుంచి ఒక పొడుగాటి ఈల వినిపించింది. బోర్డు నిండిందని, ఇక లోపలికి పదండని. ఆమె అరిచింది. పిల్ల కూడా అరిచింది. గాలి వాళ్ళ వైపే వీస్తోంది, అరుపు తిరిగి వాళ్ళ మొహాలకే తగిలింది. గుమ్మంలోకి వెళుతున్న వీపులు కనబడ్డాయి. అన్నిటికంటే వెనక భర్త వీపు. ఒక్కసారి తిరిగి చూస్తే చాలు. చూడలేదు. చూడాల్సిన పని లేదు, మేకులన్నీ నిండాయి.

"బూట్లు విప్పెయ్" అంది.

"ఆంటీ..."

"నీళ్ళు నిండితే రాళ్ళు కట్టుకున్నట్టే. విప్పు."

బకెట్లలోని ప్రాణుల్ని నీళ్ళలో ఒంపేసి, బకెట్లు అక్కడే వదిలేసింది. మీటర్ల తాడు తీసి ఒక కొస పిల్ల నడుముకు, ఇంకో కొస తన నడుముకు కట్టింది. ముడి రెండుసార్లు జారింది, మూడోసారి బిగించింది. ఎదురుగా కనబడే దారి దగ్గరే, కానీ లోతు. ఎడమవైపు మూడు నల్ల బండల పక్కనుంచి చుట్టూ తిరిగి వెళితే కింద గట్టినేల ఉంటుంది. పోయినేడు అది ఆమె కాళ్ళకు దొరికింది, కళ్ళకు కాదు.

నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. నడుము దాకా వచ్చాయి. చప్పుడు లేదు, అదే భయం. పక్కకు నెడుతున్నాయి, ఎవరో చెయ్యి పట్టుకుని మర్యాదగా తీసుకెళుతున్నట్టు. పిల్ల కాలు జారింది. తాడు బిగుసుకుని ఆమె నడుం కోసుకుపోయింది. పిల్లను లాగి నిలబెట్టేసరికి కళ్ళద్దాలు పోయాయి.

"ఆంటీ, నాకేం కనబడట్లేదు."

"నాకు కనబడుతోంది. నా వీపు పట్టుకో."

"మీకు దారి ఎలా తెలుసు?"

"పోయినేడు వచ్చాను."

"ఎవరితో?"

నీళ్ళు ఛాతీ దాటాయి. బకెట్ నిండేటప్పటి ఆ ఆఖరి చప్పుడు చెవుల్లో మొదలైంది. ఇప్పుడు తనకేమైనా అయితే ఎప్పుడు తెలుస్తుంది? టీ వేళకి. టీ రాకపోతే చిరాకు పడతాడు. ఆ తర్వాత గిన్నెలు చూస్తాడు. ఆ తర్వాత పిలుస్తాడు. పిలిచి, పలకలేదని కోప్పడతాడు. ఆ కోపం తగ్గి భయంగా మారడానికి ఎంతసేపు పడుతుందో ఆమె నీళ్ళలో నడుస్తూనే లెక్కవేసింది. ఆ లెక్కకు సముద్రం ఆగదు.

కాలికి ఇసుక తగిలింది.

తడిసిన బట్టలతో, ఒట్టి కాళ్ళతో ఇద్దరూ హాలు గుమ్మంలో నిలబడేసరికి భర్త తెర మీద బొమ్మలు చూపిస్తున్నాడు. తెర మీంచి చూపు తిప్పకుండానే, "ఎంతసేపు? పిల్లలు టీ కోసం చూస్తున్నారు" అన్నాడు. అప్పుడు పిల్ల ఏడుపు వినబడింది. తిరిగి చూశాడు. బోర్డు చూశాడు. పిల్లను చూశాడు. ఆయన మొహంలో నెత్తురు లేదు.

"బిళ్ళ ఇంకొకరికి ఇచ్చావా? ప్రాణాలంటే ఆటలా? నీకేమైనా అయ్యుంటే మీ అమ్మానాన్నలకి నేనేం చెప్పేవాణ్ణి?" అన్నాడు పిల్లతో. ఆమె నిలబడి ఎదురుచూసింది. తన వంతు వస్తుందని. వచ్చింది.

"నువ్వైనా చూసుకోవద్దా?" అన్నాడు.

తడిసిన జుట్టులోంచి నీళ్ళు కారుతూ పిల్ల ముక్కు తుడుచుకుంది. "నేనిచ్చింది తప్పే సార్. మరి ఆంటీ దగ్గర ఇవ్వడానికి కూడా బిళ్ళ లేదు కదా?"

హాల్లో ఎవరూ నవ్వలేదు.

ఆమె సామాన్ల గదిలోకి వెళ్ళింది. పాత పెట్టె మూతలోంచి చిన్న ముక్క కోసి, కన్నం చేసి, దారం కట్టి, పెయింటుతో ఇరవై అని రాసింది. సుత్తి తీసుకొచ్చి బోర్డుకు మేకు కొట్టింది. నాలుగు దెబ్బలు. భర్త పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"పిల్లల ముందు ఇప్పుడీ తంతేంటి? నువ్వు రాకపోతే నాకు తెలీదా?"

"పోయినేడు తెలిసిందా?"

"పోయినేడేమైంది?"

ఆమె ఆయన మొహంలోకి చూసింది. దాస్తున్నాడేమోనని వెతికింది. లేదు. ఆయనకు నిజంగానే తెలియదు. ఏడాది పొడుగునా ఒకే మంచం మీద, ఒకే కప్పు కింద, తెలియదు. పాయలో నడిచినప్పటి కంటే ఎక్కువ భయం వేసింది ఆమెకు.

"ఆఖరి రోజు గొంతు దాకా నీళ్ళలో వచ్చాను, ఒక్కదాన్నే. టీ పెట్టలేదా ఇంకా అన్నారు మీరు. పెట్టాను."

"చెప్పలేదేం?"

"తడి బట్టలతోనే పెట్టాను."

ఆమె బిళ్ళను మెళ్ళో వేసుకుంది. ఆ పూట టీ ఎవరు పెట్టారో ఆమెకు తెలియదు. వసారాలో మెట్టు మీద కూర్చుని, కాళ్ళ మీద పెంకులు గీసిన గీతల్ని చూసుకుంటూ ఉండిపోయింది. పిల్లలు మళ్ళీ విప్పి పడేసిన బూట్లు కుళాయి దగ్గర కుప్పగా పడి ఉన్నాయి. సాయంత్రం పొద్దు వాలకముందు భర్త వచ్చి వాటి ముందు కాసేపు నిలబడి, ఒక బూటు చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని ఎక్కణ్ణించి మొదలుపెట్టి కడగాలో తెలియనివాడిలా అటూ ఇటూ తిప్పాడు.

పిల్లలు హాల్లోంచి బయటికి వస్తూ గుమ్మం దగ్గర ఆగిపోయారు. కళ్ళద్దాలు లేని పిల్ల బోర్డుకు ముక్కు ఆనించి ఒక్కో మేకూ వేలితో తడిమింది.

"ఆంటీ, ఇరవై ఖాళీగా ఉంది. తగిలించడం మర్చిపోయారా?"

"మర్చిపోలేదు."

ఆ రూలు అందరికీ తెలుసు. పద్దెనిమిది మందీ గుమ్మం దాటకుండా నిలబడి సార్ వంక చూశారు. ఆయన చేతిలో బూటుతో, లోపలికీ రాలేక బయటికీ పోలేక, కుళాయి దగ్గరే ఉండిపోయాడు.

ఆమె మెళ్ళోని బిళ్ళను పిడికిట్లో పట్టుకుంది. పెయింటు ఇంకా ఆరలేదు, వేళ్ళకు అంటింది.

"నేనింకా రాలేదమ్మా" అంది.