గేరు మారే ఏళ్ళు

మా ఆయన ఎస్కో ఉన్ని లాగుకు కొత్త ఎలాస్టిక్ ఎక్కిస్తున్నాను. పిన్నీసుకు కట్టి నడుం చుట్టూ నెట్టుకుంటూ పోవాలి. పాతది సాగడం మానేసి పెళుసెక్కింది. ఇరవై ఆరేళ్ళుగా మంచు పడే ముందు నాకిదే పని. అయినా ఈరోజు ఈల వేయాలనిపిస్తోంది. పొద్దున విశ్వవిద్యాలయంలో నా రక్తనాళాలు ఎంత సాగుతాయో కూడా పరీక్షించారు మరి.

మెడ దగ్గరొకటి, తొడ దగ్గరొకటి చిన్న పరికరాలు పెట్టి, గుండె కొట్టిన దెబ్బ పైనుంచి కిందికి ఎంత వేగంగా చేరుతుందో చూశారు. వేగం ఎక్కువైతే మంచిదనుకున్నాను. కాదట. సాగే నాళం దెబ్బను కాస్త తనలోకి తీసుకుంటుంది, బిగిసినది అలాగే తోసేస్తుంది. నెలసరి ఆగే రోజుల్లో ఈస్ట్రోజెన్ తగ్గడంతో ఆడవాళ్ళలో ఈ బిగుతు పెరుగుతుందని నర్సు సీనిక్కా చెప్పింది. నావి వయసుకు మించి బిగిశాయి. మా అమ్మ యాభై ఎనిమిదికే గుండెతో పోయింది, నాకిప్పుడు యాభై మూడు. భయపడాల్సింది పోయి, నా బాధను పట్టించుకున్నవాళ్ళు దొరికారని ఉత్సాహం పొంగుకొచ్చింది. మూడేళ్ళుగా నా ఒంటి ఆవిర్లకూ గుండెదడకూ ఇంట్లో దొరికినవి రెండే మాటలు. "కిటికీ మూసెయ్, చలేస్తోంది" అని ఎస్కో. "మా కాలంలో ఇవన్నీ లేవమ్మా, చేతినిండా పనుండేది" అని అత్తగారు హెల్వి. ప్రతి శనివారం ఆవిడ ఆవిరిస్నానం కోసం సౌనా గది వేడిచేసి, పీరక్కాలనే పిండివంటలు వత్తి పెట్టేది ఎవరో మరి!

మా వయసు ఆడవాళ్ళతో సీనిక్కా వాళ్ళు స్కీయింగ్ బృందం కడుతున్నారు. మంగళ, గురు, శని సాయంత్రాలు, ఆరు నెలలు. దానివల్ల నాళాలు కాస్త మెత్తబడతాయేమో చూస్తారు. రేపటిలోగా ఔనో కాదో చెప్పాలి. నాకు ప్రాణం లాగేస్తోంది. కానీ శనివారం సాయంత్రం నేను ఇంట్లో లేకపోతే కొంపలంటుకుంటాయి.

తలుపు చప్పుడైంది. ఎస్కో గంట ముందే వచ్చేశాడు. బూట్లు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చాడు.

"పరీక్షలో ఏమన్నారు?"

పిన్నీసు చేతిలోనే ఆగిపోయింది. ఫ్రిజ్ మీది క్యాలెండర్ చూశాడన్నమాట. ఈ వయసుకున్న పేరు పూర్తిగా రాయడానికి సిగ్గేసి, "వైహ్దే, పరీక్ష, తొమ్మిదింటికి" అని మాత్రమే రాసుకున్నాను.

"బిగిసిపోయిందన్నారు" అన్నాను.

"అనుకున్నా. ఆ చప్పుడు కొన్నాళ్ళుగా నాకూ వినిపిస్తూనే ఉంది."

నా గుండెదడ ఈయనకు వినబడుతోందా! ఏడ్చినంత పనైంది. సాయంత్రాలు వెళ్ళాల్సి ఉంటుందని, అందులో శనివారాలు కూడా ఉన్నాయని గబగబా చెప్పేశాను.

"రమ్మన్నప్పుడల్లా వెళ్ళు. ఇలాంటివి నిర్లక్ష్యం చేస్తే ఏదో ఒకరోజు నడిరోడ్డు మీద ఆగిపోతుంది. సౌనా నేను వేడిచేస్తాలే, అమ్మకు నేను చెప్తా."

లేచి కౌగిలించుకోబోయాను.

"ఇంతకీ ఆయిలు మార్చారా?" అన్నాడు.

మా ఫిన్నిష్‌లో వైహ్దే అంటే మార్పు. గేరు కూడా. దానికి వుఒదెత్, అంటే ఏళ్ళు, కలిపితేనే ఆడవాళ్ళ ఈ వయసు పేరవుతుంది. ఆ సగం నేను రాయలేదు. ఎస్కో పని వదిలేసి పరిగెత్తుకొచ్చింది కారు గేర్‌బాక్సు కోసం.

కాసేపు చచ్చేంత బాధేసింది. తర్వాత నవ్వొచ్చింది, ఆపుకోలేనంత నవ్వు.

"కారు బాగానే ఉంది ఎస్కో. వాళ్ళు చూసింది నా రక్తనాళాల్ని."

అతని బూట్ల కింద నీళ్ళు మడుగు కట్టాయి. "అది వేరే సంగతి... శనివారమంటే అమ్మ..." అని నసిగాడు.

సగం ఎలాస్టిక్ ఎక్కిన లాగును అతని చేతిలో పెట్టాను. పెన్ను తీసి, క్యాలెండర్‌లో మిగిలిపోయిన సగం మాటను పెద్ద అక్షరాలతో పూర్తిచేశాను. సీనిక్కా నంబరు నొక్కుతూ అతనివైపు తిరిగాను.

"కారుకైతే వెళ్ళమన్నావుగా. కారనుకునే పంపించు."