చల్లారకముందే

బట్టీ తలుపు మీద అరచెయ్యి ఆనించి, చురుక్కుమనగానే లాగేసుకున్నాడు. చెయ్యి అలాగే ఉంచగలిగినప్పుడే తలుపు తియ్యాలి, అంతకుముందు తీస్తే చల్లగాలి తగిలి కప్పులు పగులుతాయి. ఆ సంగతి వీధంతా కప్పులాయన అని పిలిచే మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు. అయినా పొద్దుటినుంచీ అదే వరస, సారె దగ్గర కూర్చోవడం, గిన్నె అడుగు కాస్త చెక్కడం, లేచి వచ్చి తలుపు తడమడం, మళ్ళీ కూర్చోవడం. గోళ్ళ సందుల్లో ఎండిన మట్టి, మోచేతుల దాకా బూడిదరంగు, వంగి వంగి ఇక నిటారుగా నిలబడని నడుము.

బట్టీలో అక్క కప్పుంది.

అక్క వెనకగదిలో మంచం మీద ఉంది. ఇన్నేళ్ళూ అతను సారె మీద తిప్పిన ప్రతి కప్పుకీ పిడి అంటించింది ఆవిడే. పిడి అనేది కాదు, చెవి అనేది. ఇప్పుడా చేతుల్లో గ్లాసు ఆగడం లేదు. చెంచాతో పట్టబోతే పెదాలు బిగించేస్తుంది, గొట్టం సీసా ఇస్తే దుప్పటి కిందకి తోసేస్తుంది. అందుకని పల్చగా, రెండువైపులా నాలుగేసి వేళ్ళు దూరేలా పిడులతో ఒక కప్పు చేశాడు. కానీ మట్టి ఎవరి కోసమూ తొందరపడదు. ఆరాలి, కాలాలి, పూత పూశాక మళ్ళీ కాలాలి, చల్లారాలి. ఈలోపు అక్క పరుపులో కలిసిపోయేంతగా చిక్కిపోయింది. నిన్న డాక్టరు, ఇక ఆవిడేం అడిగితే అదివ్వండి, అని బ్యాగు సర్దుకున్నాడు.

ఆవిడడిగింది ఒక్కటే. తన చేత్తో తను నీళ్ళు తాగాలి.

"ఒరేయ్, అయ్యిందా?" గదిలోంచి గొంతు.

"ఇంకా వేడిగా ఉందక్కా. సాయంత్రానికి తీద్దాం."

"నాకు దాహం ఇప్పుడేస్తోందిరా. సాయంత్రం నువ్వు తాగు."

తన మాటకి తనే నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. ఆగాక అస్సలు చప్పుడే లేదు, ఆ చప్పుడు లేకపోవడం భరించలేక అతను చేతికి గోనెగుడ్డ చుట్టుకుని తలుపు లాగేశాడు.

వేడి మొహాన కొట్టింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తరవాత మొదలైంది, టింగ్, పై అరలో ఒకటి, టింగ్ టింగ్, కింద రెండు. హోటలువాళ్ళ కోసం తిప్పిన కప్పులన్నీ ఒకదాన్ని చూసి ఒకటి పగలడం మొదలుపెట్టాయి. ఇప్పుడు మూసినా లాభం లేదు. గుడ్డ పట్టుకుని అలాగే నిలబడి విన్నాడు.

"తీసేశావా వెధవా," అంది అక్క. "ఎన్ని పోయాయి?"

"పోతే పోనీలే."

"ఎవరి సొమ్మో పోయినట్టు! సరే, నాది పట్రా."

కప్పుని గుడ్డలో పట్టుకుని, ఊది ఊది, చేత్తో ముట్టుకోగలిగాక నీళ్ళు పోసి తెచ్చాడు. దిండు ఎత్తు చేశాడు. ఆవిడ ముందు పిడులే తడిమింది.

"ఈ చెవి ఎవరో మెలేసినట్టుందేంట్రా?"

"నాకొచ్చిందంతే."

"తేలిగ్గా ఉందిలే."

వేళ్ళు దూర్చింది, ఎత్తింది. ఒక గుక్క లోపలికి వెళ్ళింది. అదే సమయానికి మెడ మీదకి నీళ్ళధార. చెయ్యి వణికి కాదు, కప్పు అడుగున వెంట్రుకంత చీలిక. అతను అందుకోబోయాడు.

"వదులు. ఇంకాసిని పోసి స్టూలు మీద పెట్టు. ఆయాసం తగ్గాక తాగుతా."

"వేరే గ్లాసులో..."

"దీంట్లోనే."

అంచుదాకా పోసి పెట్టాడు. కప్పులమ్మే ముందుగదిలో గంట మోగింది. కొనడానికి వచ్చినావిడ రెండు కప్పులు పక్కపక్కన పెట్టి చూస్తోంది.

"ఇవి ఒకలా లేవేంటండీ?"

"చేత్తో చేసినవమ్మా."

"అదే, కాస్త చూసి చెయ్యొచ్చుగా!" మూడోది తీసింది, పెట్టింది, మళ్ళీ మొదటిది తీసింది. ఇలాంటివాళ్ళతో మాట్లాడేది అక్కే, అతనికి మాట పెగలదు. బట్టీలోంచి టింగ్‌మంది. "అబ్బ, ఏంటండీ ఆ చప్పుడు? గజ్జెల్లా ఎంత బాగుందో!"

"కప్పులు చల్లారుతున్నాయమ్మా."

ఎంతసేపటికో ఏదీ తీసుకోకుండానే వెళ్ళింది. అతను చేతులు తుడుచుకుంటూ వెనకగదిలోకి వచ్చాడు.

"ఏమీ కొనలేదక్కా. నువ్వుంటే రెండూ అంటగట్టేదానివి."

దిండు మీద తల పక్కకి వాలి ఉంది. పెదాలు కొద్దిగా తెరిచి ఉన్నాయి, పొడిగా. ఆవిడ చెయ్యి స్టూలు వైపు సగం దూరం వచ్చి ఆగిపోయింది.

స్టూలు కాలి వెంట నీళ్ళు నేల దాకా పాకి ఉన్నాయి, పైన కప్పు ఎవరూ తాగకుండానే ఖాళీ అయింది.