గాజు చెరువులో బర్రె

రామచంద్రం బొమ్మ వేస్తుంటే భూలక్ష్మి ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీసేది. పెళ్లయిన కొత్తలో మొదలైన అలవాటు అది. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. చేతుల్లో పనుంటే మాత్రం ఎంతసేపైనా కదలదు. అట్లా చిక్కుళ్లు తీస్తూ తీస్తూనే ఆమె ఎన్నో బొమ్మల్లోకి వెళ్లిపోయింది. ఒకదాంట్లో ఆమె కొప్పులో వెలుగుతున్న కిటికీ ఉంటుంది. ఇంకోదాంట్లో ఆమె కొంగులోంచి చేపలు ఈదుకుంటూ లిఫ్టు ఎక్కుతుంటాయి. ముక్కుపుడక మెరుపు, చేతి మీది నరాలు అచ్చం ఫొటో తీసినట్టే. జరుగుతున్నది మాత్రం కలలో కూడా జరగనిది.

"నన్ను నా లెక్క ఎందుకు గియ్యవయ్యా?" అనేది భూలక్ష్మి.

"నాకు గిట్లనే కనపడ్తవే," అనేవాడు.

సర్కారు బడిలో డ్రాయింగు సారుగా చేసి రిటైరయ్యాడు రామచంద్రం. కాపురం హైదరాబాదు అంచున పుప్పాలగూడలో, భూలక్ష్మి పుట్టిల్లు కూలగొట్టి కట్టిన అపార్టుమెంటులో. ఒకప్పటి బర్రెల కొట్టం ఇప్పుడు కార్లు పెట్టుకునే సెల్లారు. అతని ప్రతి బొమ్మలోనూ ఎక్కడో ఒకచోట ఒక బర్రె నిలబడి ఉంటుంది. మెట్రో పట్టాల మీద, అద్దాల మేడ పిట్టగోడ మీద, ఒకసారైతే మబ్బు మీద. దానర్థమేమిటని ఎవరైనా అడిగితే మనిషికో తీరు చెప్పి తప్పించుకునేవాడు. బొమ్మలన్నీ మంచం కిందా, బీరువా వెనకా పోగుపడ్డాయి.

బాత్రూం నీళ్లు కిందికి కారుతున్నాయని చెప్పడానికి ఒకరోజు కింది ఫ్లాటులో ఉండే ఆకాష్ వచ్చాడు. భీమవరం వైపు కుర్రాడు, హైటెక్ సిటీలో ఉద్యోగం. గోడకు ఆనించిన బొమ్మ కంటబడి, వచ్చిన పని మర్చిపోయాడు. ఆ బొమ్మలో పెద్ద రాతి గుండు మీద భూలక్ష్మి కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో నారుమడిలా మేడలు మొలిచాయి. పక్కనే బర్రె ఒకటి అద్దాల గోడలో మూతి పెట్టి నీళ్లు తాగుతోంది. గోడంతా అలలు.

"మా ఆఫీసు కొత్త లాబీకి ఇలాంటిదే వెతుకుతున్నారండీ," అన్నాడు ఆకాష్. ఫొటో తీసుకెళ్లాడు. వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు, మొహం కొంచెం ముడుచుకుని.

"అందరికీ నచ్చింది సార్. కాకపోతే ఆ గేదె ఉన్నచోట గుర్రం ఉంటే బాగుంటుందంటున్నారు మా పెద్దాయన. వేగానికి గుర్తుగా ఉంటుందట."

"సరే బాబూ," అన్నాడు రామచంద్రం.

వంటింట్లో భూలక్ష్మి చేతిలో గరిటె ఆగిపోయింది. ఒకప్పుడు ఆమె మెడలో నగకు బదులు పాము వేసి, తీసెయ్యమని ఎంత బతిమాలినా వినని మనిషి! ఆకాష్ వెళ్లాక నిలదీసింది.

"మంచం కింద పెట్టి పెట్టి యాష్టకొచ్చిందే," అన్నాడు రామచంద్రం మెల్లగా. "ఒక్క బొమ్మన్నా నలుగురు నడిచే కాడ గోడకుండాలె."

ఇన్నేళ్లలో అతని నోట అలాంటి మాట ఆమె వినలేదు.

మర్నాడు రంగు కలుపుకుని కూర్చున్నాడు. కుంచె బర్రె వీపు దాకా పోయింది, వెనక్కి వచ్చింది. కుంచె కడిగి బజారుకు పోయాడు. ఆ తర్వాతి రోజూ అంతే. మూడోసారి కుంచె ఎత్తేసరికి భూలక్ష్మి చిక్కుళ్ల చాట పక్కన పెట్టేసింది.

"గుర్రమే ఎయ్యి. గని నన్ను గూడ తీసెయ్యి."

"నువ్వెందుకే?"

"మా మల్లి పక్కనుంటదనే గా గుండు మీద కూసున్న. ఎవరిదో గుర్రం పక్కన నాకేం పని?"

రామచంద్రం నోరు తెరిచాడు. "అది మల్లి అని నీకెట్ల ఎర్క?"

"కుడి కొమ్ము వంకర సూస్తె తెల్వదా? అన్ని బొమ్మలల్ల అదే ఉండె. నువ్వే చెప్తవేమో అని సూస్తున్న."

ఇన్నాళ్లూ చెప్పడానికి అతనికి సిగ్గేసింది. పెళ్లిచూపులకు వచ్చిననాడు భూలక్ష్మి పుట్టింటి బర్రె మల్లి వాకిలికి అడ్డంగా నిలబడి లోపలికి రానివ్వలేదు. పెద్దలందరూ హై హై అంటుంటే, లోపల్నుంచి ఒక పిల్ల విసురుగా వచ్చి, భుజంతో దాన్ని పక్కకు నెట్టి, ఎవరొచ్చారో కూడా చూడకుండా లోపలికి పోయింది. అతను ఆమెను మొదట చూసింది అప్పుడే.

అదంతా ఇప్పుడు చెప్పాడు. భూలక్ష్మి చాట మళ్లీ దగ్గరికి లాక్కుని, "ముసలోడివైతివి, ఇప్పుడా చెప్పుడు," అంది. మొహం మాత్రం ఎత్తలేదు.

బొమ్మ మార్చనని ఆకాష్‌కు ఫోన్ చేశాడు రామచంద్రం. లాబీకి ఇంకేదో బొమ్మ కొనుక్కున్నారు. అతనికన్నా ఆకాషే ఎక్కువ బాధపడ్డాడు. ఊరుకోలేక, రామచంద్రాన్ని అడిగి, ఆఫీసు క్యాబులు ఆగే మలుపులో పాలు, చాయ్ అమ్మే మధు దగ్గరికి బొమ్మను మోసుకుపోయాడు.

"బర్రె ఉన్న బొమ్మ నా దుకాణంల కాకుంటే ఇంకెక్కడుంటది సార్!" అని మధు అప్పటికప్పుడే మేకు కొట్టాడు.

ఆదివారం పొద్దున ఇద్దరూ చూడ్డానికి వెళ్లారు. మెడలో ఐడీ కార్డుతో ఒక అమ్మాయి బొమ్మనూ భూలక్ష్మినీ మార్చి మార్చి చూసి, "ఆంటీ, ఇది మీరేనా?" అంది. భూలక్ష్మి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి అదే కొంగు నడుముకు చెక్కి, మల్లి ఎన్ని పాలిచ్చేదో ఆ అమ్మాయికి చెప్పడం మొదలుపెట్టింది. ఇద్దరు డ్రైవర్లు ఆ గుండు ఒకప్పుడు ఏ గుట్ట మీద ఉండేదో వాదులాడుకుంటున్నారు.

రామచంద్రం మూల బల్ల మీద చాయ్ పట్టుకుని కూర్చున్నాడు. ఎండ ముదిరింది.

"ఇగ పోదామా?" అంది భూలక్ష్మి వచ్చి.

"జర ఆగవే," అన్నాడు.